జిద్దా ఎంత దూరం?

ఉర్దూ మీడియం బడిలో మాకు హిసాబ్ చెప్పిన సార్ ఒకటే సూత్రం మళ్లీ మళ్లీ రాయించేవారు. రఫ్తార్‌ను వఖ్త్‌తో జర్బ్ చేస్తే ఫాసలా వస్తుంది. ఫాసలాను రఫ్తార్‌తో తఖ్సీం చేస్తే వఖ్త్ వస్తుంది. డిగ్రీ తెలుగులో చేరాక అవే మాటలు వేగం, కాలం, దూరం అయ్యాయి. భాష మారినా లెక్క మారలేదు. కానీ పాతబస్తీలో పుట్టినవాళ్లకు ఈ లెక్క ఎప్పుడూ కుదరని ఊరొకటి ఉంది. అది జిద్దా.

శంషాబాద్ నుంచి జిద్దాకు ఆకాశంలో నేరుగా గీత గీస్తే 4,100 కిలోమీటర్లు, పైన ఇంకో ముప్పయ్యో నలభయ్యో. నేరుగా వెళ్లే విమానానికి పోయేటప్పుడు దాదాపు ఆరు గంటలు, వచ్చేటప్పుడు అయిదున్నర. చలికాలంలో పడమటి గాలి పోయేవాళ్లకు ఎదురొస్తుంది, వచ్చేవాళ్లను వెనకనుంచి తోస్తుంది. అందుకే ఆ తేడా. ఇంతవరకూ ఫోన్‌లో చూసి ఎవరైనా చెప్పేస్తారు. మా ఇంట్లో మాత్రం "జిద్దా ఎంత దూరం?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఎవరి జవాబూ కిలోమీటర్లలో ఉండదు.

దాదీ దగ్గర ఓడల లెక్క ఉండేది. ఆమె మామగారు బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు పోయారట. పోయే ముందు గల్లీ గల్లీ తిరిగి అందరి దగ్గరా మాఫీ అడిగి, అప్పులు తీర్చి, కఫన్ గుడ్డ పెట్టెలో పెట్టుకుని బయల్దేరారని చెప్పేది. పాత ఓడలకు బొంబాయి నుంచి జిద్దాకు 12 నుంచి 15 రోజులు పట్టేది. సముద్రం మీద దారి 2,300 నాటికల్ మైళ్లు. విమానాలు వచ్చాక కూడా చాలాకాలం ఓడలు నడిచాయి. 1995లో హజ్ ఓడలు పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు హాజీలు నాంపల్లి హజ్ హౌస్ నుంచి బస్సెక్కి శంషాబాద్ వెళ్తారు, పొద్దున తిన్న నాష్తా అరగకముందే జిద్దాలో దిగుతారు. మాఫీ అడగడం మాత్రం ఇంకా పోలేదు. ఆరు గంటల సఫర్‌కు కూడా పదిహేను రోజుల సఫర్‌కు చెప్పినట్టే అల్విదా చెబుతాం. ఇది నాకు నచ్చుతుంది.

మన ఫిఖ్‌లో సఫర్ లెక్క కూడా మొదట్లో గజాలతో కొలిచింది కాదు. హనఫీ మసలక్‌లో ముసాఫిర్ అంటే, మామూలు నడకతో మూడు రోజుల దారి ఉన్న చోటుకు బయల్దేరినవాడు. తర్వాత ఉలమా దాన్ని 48 మైళ్లు అన్నారు, అంటే 77 కిలోమీటర్ల చిల్లర. ఆ లెక్కన మనం జహీరాబాద్ పోయినా ముసాఫిర్లమే, నాలుగు రకాత్‌ల నమాజు రెండే. విమానంలో ఆ 77 కిలోమీటర్లు సీటు బెల్టు తీసేలోపే దాటిపోతాయి. అయినా రుఖ్సత్ అలాగే ఉంది. ఒకచోట 15 రోజులో, అంతకన్నా ఎక్కువో ఉండాలని నియ్యత్ చేస్తే ముసాఫిర్ కాస్తా ముఖీమ్ అవుతాడు. అప్పుడు ఆ చోటు వతన్-ఎ-ఇఖామత్. సొంతూరు వతన్-ఎ-అస్లీ. మా అబ్బా జిద్దాలో పాతికేళ్లు ముఖీమ్‌గా ఉన్నారు. చేతిలో ఉండే కార్డు పేరు కూడా ఇఖామాయే. రెండేళ్లకోసారి రెండు నెలల ఛుట్టీ మీద వచ్చేవారు. వచ్చిన మొదటి రోజు నుంచే పూర్తి నమాజు చదివేవారు, ఎందుకంటే వతన్-ఎ-అస్లీలో ఒక్క గంట ఉన్నా ఖస్ర్ లేదు. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు. మా ఇంటికి వచ్చి మేమందరం మెహమాన్‌లా చూసుకునే మనిషి, నమాజు దగ్గర మాత్రం మెహమాన్ కాదు.

గడియారం సంగతి వేరు. జిద్దా మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఉదయం పదికి శంషాబాద్‌లో ఎక్కితే మధ్యాహ్నం ఒకటిన్నరకు అక్కడ దిగుతారు. చేతిగడియారం చూస్తే మూడున్నర గంటల సఫరే అనిపిస్తుంది. ఆ రెండున్నర గంటలూ అల్లా ఇచ్చిన ఇనాం అనుకుంటాం కానీ అది ఖర్జ్. తిరిగొచ్చేటప్పుడు కట్టాల్సిందే. అక్కడ రాత్రి ఎనిమిదికి ఎక్కినవాడు ఇక్కడ తెల్లవారుజామున నాలుగుకు దిగుతాడు. సూర్యుడి లెక్క ఇంకా కొంచెం ఎక్కువ. రెండు ఊళ్ల మధ్య 39 డిగ్రీల రేఖాంశాలు ఉన్నాయి, డిగ్రీకి నాలుగు నిమిషాలు. మక్కా మసీదులో మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి జిద్దాలో ఇంకా అస్ర్ దగ్గరే ఉంటారు. అందుకే రమ్జాన్‌లో రోజాతో పడమటికి పోయేవాడికి ఆ రోజు రోజా రెండున్నర గంటలు పొడుగవుతుంది. విమానం కిటికీలో సూర్యుడు కదలనే కదలడని మా తమ్ముడు అంటాడు.

చాంద్ లెక్క మరీ విచిత్రం. సౌదీలో సాధారణంగా మనకన్నా ఒకరోజు ముందు నెల మొదలవుతుంది. ఇక్కడ రమ్జాన్ మొదలుపెట్టి ఆఖరి అష్రాలో ఉమ్రాకు పోయినవాడికి ఒక్కోసారి 28 రోజాలకే ఈద్ వచ్చేస్తుంది. వాడు వాళ్లతో ఈద్ చేసి, తర్వాత ఒక రోజా ఖజా ఉంచాలి. అబ్బా ఈద్‌కు ఫోన్ చేసేసరికి మాకు ఇంకా రోజానే ఉండేది. ఆయన షీర్‌ఖుర్మా తాగానని చెబుతుంటే మేం ఇఫ్తార్‌కు గంటలు లెక్కపెట్టుకుంటూ వినేవాళ్లం.

ఇవన్నీ సరదా దూరాలు. ఇంకో దూరం ఉంది, దాని గురించే ఇది రాస్తున్నాను. మన ఇళ్లలో గల్ఫ్ ఎంత దూరమో తెలిసేది జనాజా రోజునే.

1993 ఎండాకాలంలో దాదీ పోయింది. అబ్బా అప్పుడు జిద్దాలో ఒక ఇంట్లో డ్రైవర్. మా గల్లీ మొగలో ఉన్న పీసీవో నుంచి మామూ ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటివాళ్లు ఎండలకు తాయెఫ్ కొండల మీదికి పోయారు, అబ్బా వాళ్లను తీసుకుని పోయారు. ఖబర్ చేరేసరికి రెండు రోజులు. అప్పటికి దాదీ దఫన్ అయిపోయింది, మూడో రోజు జియారత్‌కు ఖురాన్ పారాలు పంచుతున్నాం. ఖబర్ చేరినంత మాత్రాన ఏమైంది? పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. ఎగ్జిట్ రీఎంట్రీ వీసాకు కఫీల్ దస్తఖత్ కావాలి. దస్తఖత్‌కు ముందు ఇంకో డ్రైవర్ దొరకాలి. ఇవన్నీ అయ్యి, బొంబాయి మీదుగా దొరికిన సస్తా టికెట్ తీసుకుని, బొంబాయి నుంచి రైల్లో నాంపల్లి స్టేషన్‌లో దిగేసరికి దాదీ పోయి పన్నెండు రోజులు. నాకు పద్నాలుగేళ్లు. ఆటోలోంచి దిగిన అబ్బా ఎవరితోనూ మాట్లాడకుండా దాదీ పడుకునే తఖత్ మీద కూర్చున్నారు. చేతిలో ఆమె కోసం తెచ్చిన జమ్‌జమ్ డబ్బా ఉంది. ఎందుకు తెచ్చారని ఎవరం అడగలేదు.

ఇప్పుడు హిసాబ్ సార్ సూత్రం పెట్టి చూడండి. 4,100 కిలోమీటర్లను 12 రోజులతో తఖ్సీం చేస్తే రోజుకు 340 కిలోమీటర్లు. ఓడ కన్నా పెద్ద తేజ్ ఏమీ కాదు. విమానం ఆ రోజు కూడా ఆరు గంటల్లోపే ఎగిరింది. మిగిలిన పదకొండున్నర రోజులూ ఒక దస్తఖత్ దూరం.

ఆ దస్తఖత్ కథ ఇప్పుడు కొంత మారింది. 2021 మార్చి 14 నుంచి సౌదీలో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు యజమాని ఇజాజత్ లేకుండానే ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవచ్చు. ఫోన్‌లో అబ్షర్ యాప్ తెరిచి, రెండు నెలలకు 200 రియాళ్ల ఫీజు కట్టుకుంటే చాలు. మంచి మార్పే, కాదనను. అయితే అందులో ఇంటి డ్రైవర్లను, ఇంటి పనివాళ్లను, తోటమాలులను కలపలేదు. మా అబ్బా ఇప్పుడు అక్కడ ఉండి ఉంటే ఆ మార్పు ఆయనకు వర్తించేది కాదు. యాఖుత్‌పురా నుంచో తలాబ్‌కట్టా నుంచో ఇప్పటికీ పోయేవాళ్లలో ఎక్కువమంది ఏ పనికి పోతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు పాతబస్తీ కుర్రాళ్లకు ఇంటి దూరం ఒకటి కాదు. వీసా మీద రాసిన పనిని బట్టి మారుతుంది.

కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం అందరికీ ఒకటే అయ్యింది. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఆ తర్వాత సౌదీ ఇండియా నుంచి నేరుగా ఎవరినీ రానివ్వలేదు. ఛుట్టీ మీద వచ్చి ఇరుక్కుపోయినవాళ్లు ఇఖామా గడువు దాటిపోతుందని దుబాయ్ పోయి, అక్కడ 14 రోజులు ఏదో ఒక గదిలో గడిపి, పదిహేనో రోజు జిద్దా విమానం ఎక్కారు. దుబాయ్ దారి కూడా మూసుకుపోయాక నేపాల్ మీదుగా, మాల్దీవుల మీదుగా పోయారు. మా తమ్ముడు అలా పోయినవాళ్లలో ఒకడు. లెక్క చూసుకుంటే సరిగ్గా దాదీ మామగారి ఓడ లెక్కే, పదిహేను రోజులు.

అమ్మీ ఇంతెఖాల్ 2022 డిసెంబర్‌లో. రాత్రి మూడు గంటల పది నిమిషాలకు. తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ పన్నెండు నలభై, మొదటి రింగ్‌కే ఎత్తాడు. వాడికి అప్పటికే తెలుసని నాకు అర్థమైంది, పరాయి దేశంలో ఉన్నవాళ్లు రాత్రి ఫోన్‌కు అలాగే ఎత్తుతారు. పది నిమిషాల్లో ఎగ్జిట్ రీఎంట్రీ అయిపోయింది. అబ్బాకు పదకొండున్నర రోజులు పట్టింది వాడికి పది నిమిషాలు. ఇక విమానమే మిగిలింది.

ఇక్కడ లెక్క ఒకసారి వినండి, రేపు మీ ఇంట్లో పనికి రావచ్చు. జనాజా జొహర్ తర్వాత, ఒకటిన్నరకు అనుకుంటే చేతిలో ఉన్నది పది గంటల ఇరవై నిమిషాలు. ఎయిర్‌పోర్టుకు మూడు గంటల ముందు చేరాలి. సఫర్ అయిదున్నర. దిగాక ఇమిగ్రేషన్, బయటికి రావడం ఒక గంట. శంషాబాద్ నుంచి చాంద్రాయణగుట్టకు ఇంకో ముప్పావు గంట. అన్నీ కలిపితే పది గంటల పావు. అంటే ఫోన్ పెట్టేసిన నిమిషమే వాడు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఉండి, సరైన వేళకు నేరుగా వచ్చే విమానంలో సీటు ఉంటేనే జొహర్ అందుతుంది. ఆ రోజు నేరుగా వచ్చేది రాత్రికి గానీ లేదు. దొరికింది గల్ఫ్‌లో ఇంకో ఊళ్లో ఆగి వచ్చేది. అక్కడ ఉదయం ఏడుకు బయల్దేరి, ఇక్కడ రాత్రి ఏడున్నరకు దిగుతుంది. టికెట్ ధర రాయను. చావు ఖబర్ వచ్చిన రోజు టికెట్ కొన్నవాళ్లకు తెలుసు.

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. మామూ జొహర్ అన్నారు. మయ్యత్‌ను ఆపడం మంచిది కాదు, అక్కను ఆపడానికి నాకు మనసొప్పదు అన్నారు. ఆపా ఇషా అంది. "చిన్నోడి కోసం అమ్మీ గేటు దగ్గర ఎన్ని రాత్రులు కూర్చుంది? వాడి కోసం ఆరు గంటలు ఆగలేమా?" అంది. ఇమామ్ సాబ్‌ను అడిగితే, జల్దీ చేయడమే సున్నత్, ఫైసలా మాత్రం వారిసులది అన్నారు. పెద్దకొడుకును నేను. ఇషా అన్నాను. దఫన్ త్వరగా కావాలన్న మాట వెనక ఉన్న దయ నాకు తెలుసు. చలికాలం కాకపోతే నేను కూడా జొహర్ అనేవాణ్నేమో. కానీ పోయినవాళ్ల హఖ్ ఎంతో, ఉన్నవాళ్ల దుఃఖానికి కూడా కొంత హఖ్ ఉంటుందని నాకు ఆ రోజూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

మధ్యలో దిగిన ఊళ్లో విమానం గంట లేటు. ఎనిమిదికి ఇషా జమాత్ అయ్యింది. మసీదు సహన్‌లో డోలా పెట్టి ఉంది. అందరూ ఫోన్ నా చేతిలో చూస్తున్నారు కానీ ఎవరూ ఏమీ అనడం లేదు. ఎనిమిది నలభైకి వాడే చేశాడు. దిగాను, ఇమిగ్రేషన్ లైన్‌లో ఉన్నాను అన్నాడు. వెనకాల స్టాంపులు కొట్టే చప్పుడు వినిపిస్తోంది. నేను ఏమీ అడగకముందే, "పఢ్ లేవ్ భాయ్, మేరే వాస్తే నక్కో రుకో" అన్నాడు.

నమాజే జనాజా చదివాం. ఖబ్రస్తాన్‌కు నడిచాం. వాడు శ్రీశైలం రోడ్డు పట్టుకుని, పహాడీ షరీఫ్ మీదుగా, బార్కస్ మీదుగా వచ్చాడు. బార్కస్ గురించి ఒక మాట. ఆ మొహల్లా వాళ్ల పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో నౌకరీ కోసం వచ్చినవాళ్లు. సముద్రం దాటి ఇటు వచ్చారు, ఇక్కడే ఖబ్రల్లో ఉన్నారు. వాళ్ల అమ్మీల ఖబర్లు వాళ్లకు ఎన్ని నెలలకు చేరి ఉంటాయో అని ఆ దారిన పోయినప్పుడల్లా అనుకుంటాను. మనం మనమే పరదేశ్ పోయామనుకుంటాం, మన ఊరు కూడా ఎవరికో ఒకప్పుడు పరదేశే.

తమ్ముడు భుజాన బ్యాగుతోనే ఖబ్రస్తాన్ లోపలికి వచ్చాడు. ఖబ్ర్ మీద ఇంకా మట్టి వేస్తున్నారు. దీదార్ కాలేదు, నమాజు అందలేదు. మూడు పిడికిళ్ల మట్టి అందింది. మామూ జరిగి చోటిచ్చారు.

ఆ తర్వాత మా ఖాందాన్‌లో ఈ మాట చాలాసార్లు వచ్చింది. ఉర్దూ అఖ్బార్‌లో ఇంతెఖాల్ ఖబర్లు చూడండి, కొడుకులు రియాద్, దమ్మామ్, టొరంటో, చికాగో. జనాజా వేళ మాత్రం మొహల్లా మసీదులో బాద్ నమాజే జొహర్. చికాగో అయితే దాదాపు 13,300 కిలోమీటర్లు, జిద్దాకు మూడింతల పైన. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం నడిపింది. అది చాలాకాలం నిలబడలేదు. మధ్యలో ఆగి వచ్చేవాళ్లకు ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి ఒక పగలూ ఒక రాత్రీ పోతాయి. వాట్సాప్‌లో డోలా చూపిస్తే చూస్తారు. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ మధ్యాహ్నం. చూపించొద్దని కొందరంటారు. నేను చూపించమనే అంటాను.

మా చాచా కొడుకు చికాగోలోనే ఉన్నాడు. చాచాకు డెబ్బయి దాటాయి. పోయిన రమ్జాన్‌లో ఆయన తన వసియ్యత్ రాసి, బీరువా తలుపు లోపల టేపుతో అంటించారు. నాలుగు లైన్లే. మూడో లైన్‌లో, నా కోసం ఎవరినీ ఆపొద్దు, ఏ నమాజు దగ్గరుంటే ఆ నమాజు తర్వాతే, అని ఉంది. అందరికీ తెరిచి చూపిస్తారు. మొన్న ఇఫ్తార్‌కు పిలిస్తే పోయాను. చాచా ఒజూకు లేచినప్పుడు చాచీ నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"బేటా, నువ్వు అఖ్బార్‌లో ఉంటావు కదా, చికాగో నుంచి నేరుగా విమానం మళ్లీ ఎప్పుడు పడుతుందట?"